పాత కట్టడములలోని దూలములు : వాని బలమును పరీక్షించు విధము

పాత యింటి పైకప్పును చూచి తీర్పు చెప్పువారు రెండు తెగలుగా నుందురు. "నూరేండ్ల కఱ్ఱ, దీనికేమియు భయము లేదు" అని యొకరందురు. "నూరేండ్ల కఱ్ఱ, ఇక పనికిరాదు" అని వేఱొకరందురు. ఇద్దఱు చెప్పిన కారణ మొక్కటియే. తీర్పులు మాత్రము రెండు. మొదటివారి మాట నమ్మినచో నొకనాడు కప్పు మనుష్యులపై కూలవచ్చును. రెండవవారి మాట నమ్మినచో మరల దొరకని చేవగల దూలమును వంటచెఱకు చేసికొందుము. ఇద్దఱును దూలముయొక్క వయస్సును లెక్కించిరే గాని దూలమును పరీక్షింపలేదు. ఆ పరీక్ష యెట్లు చేయుదురో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజేయుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కఱ్ఱకు వయస్సు శత్రువు కాదు

మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, కఱ్ఱ కేవలము వయస్సుచేత చెడునది కాదు. జపానుదేశమున నారా పట్టణమునకు సమీపముననున్న హోర్యూజీ అను బౌద్ధ మఠమునందలి ప్రాచీన మందిరములు, లోకమున నేటికిని నిలిచియున్న కఱ్ఱకట్టడములలో మిక్కిలి పాతవి. అచటి యైదంతస్తుల గోపురమునకు నడుమ నొక మహాస్తంభము కలదు. చెట్టు ఏటేట నొక్కొక్క వలయము చొప్పున పెరుగును గదా. ఆ వలయముల సన్నములావులను సరిపోల్చి లెక్కించి, ఆ స్తంభమునకైన చెట్టు క్రీ. శ. 594వ సంవత్సరమున నరకబడినదని 2001లో జపాను పండితులు ప్రకటించిరి. ఇన్ని శతాబ్దములు గడచినను స్తంభము నిలిచియే యున్నది. కాని దాని యడుగుభాగము భూమిలో పాతబడియుండెను. ఇరువదవ శతాబ్దమున పరీక్షించినప్పుడు ఆ పాతిన భాగము కుళ్లి నశించి, అచట బోలు మాత్రమే మిగిలియుండెను. చెట్టొక్కటే, వయస్సొక్కటే, పొడిగా నున్న భాగము నిలిచినది, తడిమట్టిలో నున్న భాగము పోయినది. ఈ యొక్క యుదాహరణమును జ్ఞాపకముంచుకొన్నచో మన పాఠములో సగము వచ్చినట్లే.

కఱ్ఱను కుళ్లజేయునవి శిలీంధ్రములు. అనగా పుట్టగొడుగుల జాతికి చెందిన జీవులు. వానికి ఆహారము, గాలి, వెచ్చదనము, తేమ, ఈ నాలుగును కావలయును. మొదటి మూడింటిని మన మాపజాలము; తేమ నొక్కదానిని ఆపగలము. కఱ్ఱలోని తేమ నూటికి ఇరువది పాళ్లకు లోబడి యున్నంతకాలము సాధారణముగా కుళ్లు పుట్టదు. ఈ పాళ్లను లెక్కించు విధము సులభమైనది. చిన్న కఱ్ఱముక్కను తూచుడు. 60 గ్రాము లున్నదనుకొనుడు. నీరు మఱుగు వేడికి కొంచెము మించిన వేడిలో, బరువు తగ్గుట మానునంతవఱకు దానిని ఎండబెట్టి మరల తూచుడు. 50 గ్రాము లున్నదనుకొనుడు. పోయిన నీరు 10 గ్రాములు. దానిని ఎండిన బరువగు 50చే భాగించినచో నూటికి 20 వచ్చును. తడిబరువగు 60చే భాగింపరాదు. ఈ లెక్కలో ఎప్పుడును ఎండిన బరువే ఆధారము.

రెండవ సంగతి చేవ. మానునడుమ నుండు ముదురురంగు భాగమును చేవ యనియు, దాని చుట్టు నుండు లేతరంగు భాగమును తెల్లకఱ్ఱ యనియు చెప్పుదుము. చెట్టు తన చేవలో కొన్ని ద్రవ్యములను నింపుకొనును. అవి పురుగునకును కుళ్లునకును గిట్టవు. టేకునకు గల ప్రఖ్యాతి యంతయు దాని చేవదే. టేకుదైనను తెల్లకఱ్ఱను చెదపురుగు తినును. కావున "ఇది టేకుదూలము" అనుటతో పరీక్ష ముగియదు; దాని యంచులలో తెల్లకఱ్ఱ యెంత మిగిలియున్నదో చూడవలయును.

వెస్ట్‌మినిస్టరు శాల చెప్పు పాఠము

బయటికి దిట్టముగా కనబడు కఱ్ఱ లోపల నెట్లుండునో తెలియుటకు లండను నగరమందలి వెస్ట్‌మినిస్టరు శాల మంచి నిదర్శనము. ఈ శాలను రెండవ విలియము రాజు 1097లో కట్టింప నారంభించెను. నేడు మనకు కనబడు పైకప్పు మాత్రము అంతకు మూడువందల యేండ్ల తరువాతిది. రెండవ రిచర్డు రాజు కాలమున, 1393 మొదలుకొని, రాజవడ్రంగియగు హ్యూ హెర్లాండు దానిని ఓకుకఱ్ఱతో నిర్మించెను. శాల పొడవు సుమారు 240 అడుగులు, వెడల్పు సుమారు 68 అడుగులు. ఇంత వెడల్పునకును నడుమ నొక్క స్తంభమైనను లేదు. ఇరుప్రక్కల గోడలనుండి లోనికి చొచ్చుకొనివచ్చు పొట్టిదూలముల పైని, కఱ్ఱ కమానుల పైని కప్పు భారమంతయు మోపబడినది. ఆ కఱ్ఱను ఫార్న్‌హాము అను ఊరికి సమీపమున చెక్కి, కుసులు అమర్చి, పిమ్మట లండనునకు చేర్చిరి. మొదటి చార్లెసు రాజుపై 1649లో విచారణ జరిగినది ఈ కప్పుక్రిందనే. 1834లో ప్రక్కనున్న పార్లమెంటు భవనములు దగ్ధమైనప్పుడు కూడ ఈ కప్పు నిలిచినది.

ఇట్టి కప్పును 1913లో ఫ్రాంకు బెయిన్సు అను ప్రభుత్వ వాస్తుశిల్పి దగ్గఱనుండి పరీక్షించెను. క్రిందనుండి చూచువారికి నిక్షేపముగా కనబడిన మహాదూలములలో ననేకములు లోపల డొల్లలైయుండెను. కుసులు దూరినచోట్లను, దూలములు గోడను చేరుచోట్లను చెఱుపు హెచ్చుగా నుండెను. భారము మోయు చోట్లు నవియే గనుక అపాయ మెంతటిదో మన మూహింపవచ్చును.

దీనికి కారణమైనది డెత్‌వాచ్ అను చిన్న పెంకుపురుగు. దాని పొడవు అంగుళములో మూడవవంతునకు మించదు. వసంతకాలమున ఆడ మగ పురుగులు ఒకదాని నొకటి పిలుచుకొనుటకు తమ తలలతో కఱ్ఱను టకటక మని కొట్టును. వ్యాధిగ్రస్తుని ప్రక్కన రాత్రివేళ మేల్కొనియుండువారు నిశ్శబ్దములో ఆ చప్పుడు విని, అది చావునకు సూచనయని భయపడుచుండిరి. ఆ పేరు దానికి అట్లు వచ్చినది. కఱ్ఱను తినునది పెంకుపురుగు కాదు, దాని పిల్లపురుగు. అది కఱ్ఱలోపల కొన్నియేండ్లు, ఒక్కొక్కప్పుడు పదియేండ్లకు పైగా, తొలుచుకొనుచు దాగియుండును. పెరిగి పెంకుపురుగై వెలికివచ్చినప్పుడు మాత్రమే చిన్న రంధ్రమొకటి పైని కనబడును.

ఈ పురుగును చంపుటకు మందు కనిపెట్టవలసినదని హెరాల్డు మాక్స్‌వెల్ లెఫ్రాయి అను కీటకశాస్త్రజ్ఞుని కోరిరి. ఈయన మన దేశమునకు క్రొత్తవాడు కాడు. బీహారునందలి పూసాలో ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడుగా నుండి, మన దేశపు పురుగులనుగూర్చి 1909లో పెద్ద గ్రంథమును ప్రకటించినవాడు. లండనునకు మరలిపోయిన పిమ్మట ఈ దూలముల పురుగునకు మందులు తయారుచేసెను. 1925లో పురుగులను చంపు విషవాయువునుగూర్చి శోధన చేయుచు, ఆ వాయువుచేతనే ప్రాణములు కోల్పోయెను.

అయితే మందు పైపొరలను దాటి లోనికి మిక్కిలిగా పోదు. పిల్లపురుగు లోతున నుండును. పిదప జరిగిన పరిశోధనలవలన నింకొక సంగతి తేటపడినది. పొడిగా, గట్టిగా నున్న ఓకుచేవలో ఈ పురుగు వర్ధిల్లదు. తేమచేత శిలీంధ్రము పుట్టి మెత్తబడిన కఱ్ఱయే దానికి తగిన తావు. అనగా పురుగు కనబడినచోట మందుసీసాకంటె ముందు వెదుకవలసినది నీరు కాఱుచోటు.

బెయిన్సు తన నివేదికను 1914లో పార్లమెంటునకు సమర్పించెను. ఆయన పాతకప్పును ఊడదీసి క్రొత్తది కట్టుడని చెప్పలేదు. ఏమియు చేయకుండుడనియు చెప్పలేదు. ఎచ్చట ఎంత కఱ్ఱ మిగిలియున్నదో పరీక్షించి, పాతకఱ్ఱ చాలవఱకు నిలుచునట్లు, దాని వెనుక కంటికి కానరాని యుక్కుచట్రమును అమర్చి భారమును దానిపైకి మార్చెను. ఈ పని 1923లో ముగిసినది. 1941 మే నెలలో బాంబులు పడి కప్పునకు నిప్పంటుకొనగా, దానిని ఆర్పుటకే మొదట పాటుపడిరి. ప్రక్కనున్న కామన్సు సభామందిరము మాత్రము కాలిపోయినది. 2022 సెప్టెంబరులో రెండవ ఎలిజబెతు రాణి పార్థివదేహమును ఈ శాలలో నుంచినప్పుడు సుమారు 2,50,000 మంది ఆ కప్పుక్రింద నడచిరి. దూలమును సరిగా పరీక్షించుట యనగా ఇందఱి తలలకు పూచీపడుటయే.

పరీక్షించు క్రమము

ఈ పరీక్షకు ఒక వరుస కలదు. వరుస తప్పినచో పరికరము లెన్ని యున్నను ప్రయోజనము తక్కువ.

మొదట దూలమును చూడరాదు. నీటి దారిని చూడవలయును. వర్షపునీరు కప్పుమీద ఎటు పాఱుచున్నది? పెంకు లెచ్చట పగిలినవి? గోడపై తడిమరక లెచ్చట నున్నవి? ఆ జాడలే దూలములో చెడియుండదగిన చోట్లను చూపును. గోడలో పొదిగిన దూలపుకొనలు, నేలను తాకు స్తంభపు మొదళ్లు, రెండు కప్పులు కలియు మూలలు, కుసి దూరిన బెజ్జములు, ఈ నాలుగు తావులను తప్పక చూడవలయును. గాలి తగులుచు పైకి కనబడు దూలపు నడిమిభాగము తఱచుగా బాగుగనే యుండును. మన కన్ను పడునది అచటనే గనుక మనము మోసపోదుము.

పిమ్మట కంటితో చేయు పరీక్ష. దీపమును దూలమున కెదురుగా గాక ప్రక్కనుండి వాలుగా పట్టినచో ఎగుడుదిగుళ్లు తెలియును. కఱ్ఱ ముదురు గోధుమవన్నెకు మాఱి, నిలువునను అడ్డమునను పగిలి, చిన్నచిన్న ఘనములవలె విడిపోయినచో అది యొకవిధమైన కుళ్లు. వెలవెలబోయి పీచువలె నైనచో మఱియొకవిధము. మట్టిగొట్టములు కనబడినచో చెద. రంధ్రముల యంచులు పదునుగా, లోపల తెల్లగా నుండి క్రొత్తపిండి రాలుచున్నచో పురుగు బ్రదికియున్నది. అంచులు అరిగి నల్లబడి దుమ్ముపట్టినచో పురుగు ఏనాడో వెడలిపోయి యుండవచ్చును. రంధ్రము కనబడగానే దూలమును తీసివేయుమనుట తగదు. బీటల విషయమును అట్టిదే. ఈనెల వెంబడి పొడవునను పోవు బీట, కఱ్ఱ ఎండునప్పుడు పుట్టునది. దానివలన సాధారణముగా భయము లేదు. ఈనెలను త్రెంచుకొని అడ్డముగా, దూలపు క్రిందివైపున కనబడు బీట అపాయకరమైనది.

మూడవది చెవియు, చేయియు. చిన్నసుత్తితో తట్టినచో గట్టికఱ్ఱ ఖంగుమనును; చెడినకఱ్ఱ డొల్లశబ్దము చేయును. కొనదేఱిన దబ్బనముతో సన్నని చీలికను పైకి లేపినచో గట్టికఱ్ఱ పొడుగుపాటి పీచులతో లేచి విఱుగును. కుళ్లినకఱ్ఱ పుటుక్కున పొట్టిగా తెగును. అనుభవముగల వడ్రంగి ఈ రెంటితోనే చాలసంగతులు చెప్పగలడు.

నాలుగవది పరికరములు. రెండు సూదులు గల మీటరును కఱ్ఱలో గ్రుచ్చినచో, విద్యుత్తునకు కఱ్ఱ కలిగించు అడ్డునుబట్టి తేమపాళ్లు తెలియును. సన్నని సూదివంటి బరమాతో దూలమును తొలుచు యంత్రము మఱొకటి కలదు. సూది లోనికి పోవునప్పుడు కఱ్ఱ చూపు నిరోధము గీతగా వ్రాయబడును. గట్టిచోట గీత పైకి లేచును, బోలుచోట క్రిందికి పడిపోవును. ఒక ప్రక్కను తట్టి, ఆ ధ్వని రెండవప్రక్కకు చేరుటకు పట్టిన కాలమును కొలుచు సాధనమును కలదు. లోపల కుళ్లియున్నచో ధ్వని చుట్టుదారి పట్టి ఆలస్యముగా చేరును. అయితే సూదియంత్రము తాను తొలిచిన ఒక్కచోటి సంగతినే చెప్పును. ఎచ్చట తొలువవలయునో ముందు చెప్పిన మూడు పరీక్షలే నిర్ణయింపవలయును.

అయిదవది లెక్క. ఇది మా పైతరగతుల విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలసినది. నలుచదరపు కోతగల దూలము వంగక నిలుచు బలము, దాని వెడల్పును ఎత్తుయొక్క వర్గముచే గుణించినప్పుడు వచ్చు సంఖ్యనుబట్టి యుండును. 12 అంగుళముల వెడల్పు, 12 అంగుళముల ఎత్తు గల దూలమునకు ఆ సంఖ్య 1728. పురుగు తెల్లకఱ్ఱను తిని నాలుగుప్రక్కల నొక్కొక్క అంగుళము పోయినదనుకొనుడు. మిగిలినది 10 అంగుళముల చదరము. దాని సంఖ్య 1000. పోయిన కఱ్ఱ నూటికి సుమారు 31 పాళ్లు. పోయిన బలము సుమారు 42 పాళ్లు.

ఇంక పైపొర లన్నియు గట్టిగా నుండి, సరిగా నట్టనడుమ 6 అంగుళముల చదరపు బోలు పడినదనుకొనుడు. పోయిన కఱ్ఱ నూటికి 25 పాళ్లు. కాని పోయిన వంగుబలము నూటికి 6¼ పాళ్లు మాత్రమే! దూలము వంగునప్పుడు హెచ్చుగా శ్రమపడునవి పైయంచును క్రిందియంచును. నడిమి కఱ్ఱకు శ్రమ తక్కువ. అయితే ఇది దూలపు నడిమి పొడవునకు చెల్లు లెక్క. అదే బోలు గోడమీద మోపిన కొనలో నున్నచో, అచట కఱ్ఱ నలగుటకును, తెగిపోవుటకును అవకాశము గలదు. కావున చెఱుపు ఎంత యని యడిగినంత మాత్రమున చాలదు. ఎచ్చట అనియు అడుగవలయును.

ఆఱవది వ్రాత. ప్రతి దూలమునకును సంఖ్య వేసి, పటము గీచి, కొలతలును చూచినదియు తేదీతో వ్రాసియుంచవలయును. ఐదేండ్ల తరువాత వచ్చువాడు బీట పెరిగినదో లేదో ఆ వ్రాతవలననే తెలిసికొనును. పారిసు నగరపు నోటర్‌డాం దేవాలయపు పైకప్పులోని ఓకుదూలముల నన్నిటిని 2014లో ఇద్దఱు వాస్తుశిల్పులు కొలిచి పటములు గీచిరి. 2019 ఏప్రిలు 15వ తేదిని ఆ కఱ్ఱ యంతయు కాలిపోయినది. అదే రూపున కప్పును మరల నిర్మించుటకు ఆ పటములు తోడ్పడినవి. 2024 డిసెంబరులో దేవాలయము తిరిగి తెఱవబడినది.

తీర్పు

పరీక్ష ముగిసిన తరువాత చేయవలసినవి మూడు. ముందు నీటిని ఆపి, కఱ్ఱకు గాలి తగులునట్లు చేయవలయును. ఇది చేయక మార్చిన క్రొత్తదూలమును పాతదానివలెనే చెడును. పిదప చెడిన భాగమును మాత్రము కోసి, అదే జాతి కఱ్ఱను అతికింపవలయును. లేదా ఉక్కుపట్టీతో భారమును ప్రక్కకు మార్చవలయును. దూలమంతయు మార్చుట కడపటి మార్గము. పాతదూలమును తీసివేయుట ఒక పూట పని. ముదురు అడవులలో పెరిగిన అట్టి చేవగల మానును తెచ్చుట తరతరముల పని.

మన గోదావరి, కృష్ణా మండలములందలి పాత మండువ లోగిళ్లలో ఈ పాఠమును కన్నులార చూడవచ్చును. నాలుగువైపుల కప్పుల నీరును నడిమి మండువలో పడును. కప్పులు కలియు నాలుగు మూలలును నీటికి లోకువైన తావులు. అచటి మూలవాసములను మొదట చూడవలయును. మండువచుట్టు నున్న స్తంభములను పెద్దలు నేలలో పాతక రాతిదిమ్మెలపై నిలిపిరి. హోర్యూజీ స్తంభపు మొదటికి కలిగిన గతి వీనికి కలుగకుండుటకు కారణ మదియే. నేలను ఎత్తుచేసి సిమెంటు పోయుచు ఆ దిమ్మెలను కప్పివేసిన యిండ్లలో, స్తంభపు మొదలు మరల తడి నేలను తాకినదని తెలిసికొనవలయును.

విద్యార్థులారా! ఈ సంవత్సరము తొలకరివాన పడిన మఱునాడు, మీ యింటిలో గాని, మీ యూరి పాత చావడిలో గాని, పెద్దల సెలవు పొంది, నేలమీద నిలిచియే కప్పును పరిశీలించుడు. నిచ్చెనలెక్కకుడు; సుత్తితోను దబ్బనముతోను చేయు పని వడ్రంగికి విడుచుడు; బలమునుగూర్చిన తుదితీర్పు ఇంజనీరుది. మీరు చేయవలసినది పటము గీయుట. తడిమరకలు, మట్టిగొట్టములు, రాలిన పిండి, దిమ్మెలు కప్పబడిన స్తంభములు, వీనిని ఆ పటములో గుఱుతించి తేదీ వేయుడు. వాన లుడిగిన పిమ్మట మరల చూచి, ఏ మరక ఆఱినదో, ఏది యాఱలేదో ప్రక్కన వ్రాయుడు. ఆఱని మరకయున్న తావును ఇంటి పెద్దలకు చూపుడు. వడ్రంగి మొదట తట్టి చూడవలసిన దూలము అదియే.